శుక్రవారం అందిన కార్డు

మొన్న కార్తీకమాసంలో మనవరాలిని తీసుకుని ఏటికొప్పాక వెళ్ళాను. లక్కబొమ్మలు చేస్తుంటే చూడాలని ఏడాదిగా అడుగుతోంది పిల్ల. వరాహ నది ఒడ్డున, ఒక పంచలో కూర్చుని ఒకాయన అంకుడు కర్ర ముక్కని యంత్రానికి బిగించి మోటారు వేశాడు. కర్ర గిర్రున తిరుగుతుంటే దానికి ఎర్ర లక్క కడ్డీ ఆనించాడు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టుకుంది. మొగలాకు మడిచి దానిమీద నొక్కేసరికి రంగు అద్దంలా మెరిసింది.

పిల్ల చప్పట్లు కొట్టింది. నేను మాత్రం ఆ వాసన దగ్గరే ఆగిపోయాను. ఆయన మూడు బొంగరాలు పూర్తిచేసేదాకా అక్కణ్ణించి కదల్లేకపోయాను.

లక్క అంటే మీకు బొమ్మో గాజో గుర్తొస్తుందేమో. నాకు సంచి మూతి గుర్తొస్తుంది. గోనెలాంటి మందపాటి గుడ్డసంచి. మూతి ముడిచి, పురికొస నాలుగు చుట్లు చుట్టి, ముడిమీద చెక్క లేబులు కట్టి, చిన్న దీపం మీద లక్క కరిగించి ఆ ముడిమీద బొట్లు బొట్లుగా వేస్తాం. ఇత్తడి ముద్రని తడిపి గట్టిగా అదిమి పైకి తీస్తాం. తడపకపోతే లక్క ముద్రకే అంటుకుని లేచొస్తుంది. రైలు ఊగుతుంటే ఆ బొట్టు సరిగ్గా ముడిమీదే పడాలి. నాకు అది నేర్పిన మనిషి గురించి ఇన్నాళ్ళకి రాయాలనిపించింది. ఆయన పేరు రాయను. మేమంతా గురువుగారనే పిలిచేవాళ్ళం.

*

నాది దివిసీమ, నాగాయలంకకి దిగువన ఒక ఊరు. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అమ్మ, చెల్లి, నేను. 1977 నవంబరు 19, శనివారం నాడు ఉప్పెన వచ్చినప్పుడు నేను ఊళ్ళో లేను. బెజవాడలో గది తీసుకుని చదువుకుంటున్నాను. ఆ ఉప్పెనలో లెక్కకి అందినవాళ్ళే 10,000 మందికి పైగా పోయారు. అమ్మా చెల్లీ ఆ లెక్కలో ఉన్నారో లేదో కూడా నాకు తెలియదు. నేను వాళ్ళని మళ్ళీ చూడలేదు.

అంతకంటే ఇక్కడ రాయలేను. రెండేళ్ళ తరవాత ఆరెమ్మెస్‌లో సార్టరు ఉద్యోగం వచ్చింది. రైల్వే మెయిల్ సర్వీసు. రైలుకి తగిలించిన తపాలా వ్యానులో రాత్రంతా నిలబడి, రైలు పోతుండగానే ఉత్తరాలు ఊళ్ళవారీగా విడగొట్టే పని. బెజవాడలో సాయంత్రం ఎక్కితే తెల్లారేసరికి వాల్తేరు. పగలు అక్కడ రెస్ట్ హౌసులో పడుకుని, రాత్రికి మళ్ళీ బెజవాడ బండి. విశాఖపట్నం స్టేషన్ని అప్పుడు వాల్తేరు అనే అనేవాళ్ళం.

వ్యాను లోపల గోడ పొడుగునా గూళ్ళు. మన ముందు ఉత్తరాల కట్ట విప్పి పోస్తారు. ఎడంచేత్తో పట్టుకుని, కుడిచేత్తో ఒక్కొక్కటీ చూసి గూట్లోకి కొట్టాలి. మా భాషలో ఉత్తరాన్ని వేయడం అనరు, కొట్టడం అంటారు. చెయ్యి అలవాటు పడ్డాక కన్ను చదివేలోపే ఉత్తరం గూట్లో ఉంటుంది. టప్ టప్ టప్ అని నలుగురి చేతులూ ఒకే ఊపులో పడేవి. కింద చక్రాల చప్పుడు, పైన మా చేతుల చప్పుడు. స్టేషన్‌లో బండి ఆగితే తలుపు దగ్గర సంచులు దించేవాళ్ళ కేకలు, లక్క వాసన, బొగ్గు పొగ. ప్లాట్‌ఫారం మీద ఎవరో పరుగెత్తుకొచ్చి వ్యాను పక్కనున్న డబ్బాలో లేట్ ఫీజు బిళ్ళ అంటించిన కవరు పడేసేవారు. ఊళ్ళో డబ్బా తాళం తీసేశాక రాసుకున్న ఉత్తరం కదా అది, ఆ మనిషి మొహంలో తొందర చూస్తే లోపల ఏముందో ఊహించుకోబుద్ధయ్యేది.

పిన్ కోడు 1972 ఆగస్టు 15న వచ్చింది గానీ, నేను చేరేనాటికి కూడా చాలామంది అది వేసేవాళ్ళు కాదు. చిరునామా చదివి జిల్లా పట్టుకోవాలి. కొత్తపేట అని రాసి ఊరుకుంటే ఏ కొత్తపేట? అలాంటివి గురువుగారి చేతికిచ్చేవాళ్ళం. ఆయన ఒకసారి పంపినవాళ్ళ ఊరు చూసి, ఇంటిపేరు చూసి, "ఇది రావులపాలెం పక్కది" అనేవారు. తప్పేది కాదు.

చిరునామాలు పైకి చదవడం ఆయనకి సరదా. మహారాజశ్రీ, బ్రహ్మశ్రీ వేదమూర్తులైన, చి.ల.సౌ., గంగాభాగీరథీ సమానురాలైన... ఆ చివరిదొస్తే మాత్రం గొంతు తగ్గించి మెల్లిగా చదివేవారు. మొగుడు పోయిన ఆడమనిషికి వచ్చిన ఉత్తరం అది. పసుపు రాసిన కవరొస్తే "పెళ్ళి, పెళ్ళి, బేగి కొట్టండి" అని నవ్వేవారు. చావుకబురు కార్డులు మాత్రం చూడగానే తెలిసిపోయేవి. చదవగానే చింపేసే కార్డులు కదా అవి. వాటిని ఆయన కట్టకి అన్నిటికంటే పైన పెట్టించేవారు.

*

ఆయనది విజయనగరం వైపు. మా సెట్‌కి, అంటే ఒకే వ్యానులో కలిసి పనిచేసే జట్టుకి, హెడ్ సార్టరు. అప్పటికే యాభై దాటాయి. పొట్టిమనిషి, తెల్ల చొక్కా, చెవి మీద పెన్సిలు. హెడ్ సార్టరు నిలబడి ఉత్తరాలు కొట్టనక్కర్లేదు. రిజిస్టరు చేసిన, ఇన్సూరు చేసిన ఉత్తరాలు చూసుకోవాలి, రిపోర్టు రాసుకోవాలి, సంచుల లెక్క సరిపోవాలి. పెట్టెమీద కూర్చుని చేసుకునే పని.

నేను చేరిన మూడో నెలలో అనుకుంటాను. బెజవాడ వైపు వచ్చే రాత్రి. ఆ బండిలో కలకత్తా నుంచి, ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల్లోని తెలుగువాళ్ళ నుంచి, విశాఖ రేవులో పనిచేసేవాళ్ళ నుంచి కృష్ణా జిల్లాకి బోలెడు ఉత్తరాలు. పిన్ కోడులో మొదటి మూడంకెలు చూసి గూడు పట్టుకోవాలి. 520 బెజవాడ. 521 బందరు, గుడివాడ, అవనిగడ్డ, మా సీమ అంతా. 522 గుంటూరు.

తుని దాటాక ఆయన లేచి నా వెనక్కి వచ్చి, నేను కట్టిన గుంటూరు కట్ట చేతిలోకి తీసుకున్నారు. తిరగేసి చూశారు. ఏమీ అనలేదు. కట్ట విప్పి పది పన్నెండు ఉత్తరాలు బయటికి తీసి, పక్కగూట్లో పెట్టి, మళ్ళీ కట్టేశారు. చూస్తే అన్నీ అవనిగడ్డవి, నాగాయలంకవి, కోడూరువి. నాకే తెలియకుండా నా చెయ్యి వాటిని గుంటూరుకి పంపించేస్తోంది.

తరవాత తెలిసింది, ఆయన అప్పటికి నెల పైనుంచి ప్రతి ట్రిప్పులోనూ నా కట్టలు విప్పి సరిచేస్తున్నారని. తప్పు దారిన పోతే అవతలి ఆఫీసు రాతపూర్వకంగా పట్టుకుంటుంది, సంజాయిషీ అడుగుతారు, కొత్త ఉద్యోగి కాబట్టి నా సర్వీసు పుస్తకంలో మచ్చ. ఆ రాత్రి నేను అన్నిటికీ సిద్ధపడి నిలబడ్డాను.

"బాబూ," అన్నారు, "నువ్వు ఇలా గుంటూరు, ఒంగోలు పక్కకి రా. కృష్ణా నేను కొట్టుకుంటాను. కూకుని కూకుని నడుం పట్టేస్తంది."

అంతే. ఆ రోజు నుంచి ఎనిమిది నెలలు ఆ వయసులో ఆయన 521 గూళ్ళముందు నిలబడి ఉత్తరాలు కొట్టారు. రిపోర్టులు స్టేషన్లలో బండి ఆగినప్పుడు మోకాలి మీద పెట్టుకుని రాసుకునేవారు. తక్కినవాళ్ళకి చెప్పలేదు. నన్ను అడగలేదు. నా సర్వీసు కాగితాల్లో మా ఊరి పేరుంది కదా, ఆయనకి అది చాలినట్టుంది.

*

వాల్తేరు రెస్ట్ హౌసులో పగటి వంట. వరుసప్రకారం ఒకరోజు ఒకరు వండాలి. నా వంతు వచ్చినరోజు నేను తినకుండా మంచమెక్కేవాణ్ణి, వాళ్ళకి మాత్రం ఏదో ఉడకేసి పెట్టేవాణ్ణి. గురువుగారు ఇంటినుంచి తెలగపిండి, అంటే నువ్వుల నూనె ఆడాక మిగిలే పిండి, తెచ్చి కూర చేసేవారు. మా వైపు నేను ఎప్పుడూ తినలేదు అది. వెల్లుల్లి, ఎండుమిరపకాయలు దంచి వేసి, నూనెలో పొడిపొడిగా వేయించేవారు. కిరసనాయిలు స్టవ్ పంపు కొట్టడం నా పని. చింతపండు పిసకడం నా పని. "అది చెయ్యి, ఇది చెయ్యి" అనేవారే తప్ప "తిను, దిగులుపడకు" అన్న మాట ఆయన నోట ఎప్పుడూ వినలేదు. కంచం ముందు పెట్టి, "బేగి తినీ బాబూ, ఆనక నిద్ర చాలదు" అనేవారు. నిద్రలేకపోతే పని చెయ్యలేవని చెబుతున్నట్టే ఉండేది. అందుకే తినగలిగాను.

ఓదార్చేవాళ్ళు అప్పటికి రెండేళ్ళుగా నా చుట్టూ చాలామంది ఉన్నారు. దేవుడి లీల అన్నవాళ్ళు, నువ్వన్నా మిగిలావు అన్నవాళ్ళు. వాళ్ళ మంచితనం మీద నాకు కోపం లేదు. కానీ వాళ్ళు మాట్లాడిన ప్రతిసారీ నేను ఇంకాస్త లోపలికి పోయేవాణ్ణి.

*

మరుసటి నవంబరులో ఒక రాత్రి. తుఫాను హెచ్చరిక. సామర్లకోట దాటాక ఎక్కడో చీకట్లో బండి ఆగిపోయింది. పట్టాలమీద నీళ్ళు. పని అయిపోయింది, కట్టలన్నీ కట్టేశాం, సంచులకి లక్క వేసేశాం. కొందరు సంచులమీదే పడుకున్నారు. వాన వ్యాను రేకుమీద పడుతుంటే చెవులు పగిలిపోతున్నాయి. నేను ఒక మూల మోకాళ్ళు పట్టుకుని కూర్చున్నాను. ఒళ్ళు వణుకుతోంది, ఆపుకోలేకపోతున్నాను.

ఆయన వచ్చి పక్కన కూర్చున్నారు. లాంతరు ఒత్తి కాస్త పెంచారు. ఎంతసేపు కూర్చున్నారో తెలియదు. నేనే చెప్పడం మొదలుపెట్టాను.

ప్రతి శనివారం సాయంత్రం నేను ఊరికి వెళ్ళేవాణ్ణి. బస్సు దిగేచోట అమ్మ లాంతరుతో నిలబడేది, ఎంత పొద్దుపోయినా. ఆ వారం స్నేహితులతో సినిమాకి వెళ్ళాలనుకున్నాను. "అమ్మా, ఈ శనివారం రావడం లేదు. పరీక్షలున్నాయి" అని బుధవారం కార్డు రాసి పడేశాను. ఉప్పెన తరవాత మా ఊళ్ళో మిగిలినాయన ఒకడు నన్ను పట్టుకుని ఏడుస్తూ అన్నాడు, "గుడికాడికి రమ్మని అందరం పిలిచాం రా, మీ అమ్మ రాలేదు, నీకోసం చూస్తా ఉందేమో" అని. ఆయన కావాలని అనలేదు. కానీ మూడేళ్ళుగా నేను ఆ మాటలోనే బతుకుతున్నాను. కార్డు అందలేదేమో. నేను వస్తానని ఆ గాలివానలో బస్సు దగ్గర నిలబడిందేమో. చెల్లిని కూడా పక్కన నిలబెట్టుకుందేమో.

చెప్పడం అయిపోయింది. ఆయన నా భుజం మీద చెయ్యి వెయ్యలేదు. కాసేపు ఆగి అడిగారు:

"బుధవారం ఎన్నింటికి వేశావు?"

నాకు అర్థం కాలేదు.

"కార్డు. ఎన్నింటికి? ఏ డబ్బాలో?"

"భోజనం చేశాక. గవర్నరుపేటలో."

"రెండింటి లోపా, తరవాతా?"

"లోపే."

చెవి మీద పెన్సిలు తీసి, రాసేసిన చెక్ షీటు వెనక ఏదో గుర్తు పెట్టుకున్నారు. "సరే బాబూ. పడుకో" అన్నారు.

*

తరవాత నెలన్నర ఆయన ఆ ఊసెత్తలేదు. బెజవాడలో బండి దిగాక మేమంతా ఇళ్ళకి పోతుంటే ఆయన మాత్రం సార్టింగ్ ఆఫీసులోకి వెళ్ళేవారు. పాత మిత్రులని కలవడానికేమో అనుకున్నాను.

ఒకరోజు వాల్తేరు రెస్ట్ హౌసులో వంటయ్యాక నన్ను పిలిచి నేలమీద కూర్చోబెట్టారు. ఒక పాత కాగితం పరిచారు. దానిమీద ఆయన పెన్సిలు రాత. ఒక మెయిలు ప్రయాణం ఎలా రాస్తామో అలాగే, గళ్ళు గీసి.

"ఇదిగో చూడు. గవర్నరుపేట డబ్బా బుధవారం నాలుగింటికి తీసీసినారు. సాయంత్రానికి మన ఆఫీసుకొచ్చింది. రాత్రి సెట్ కొట్టింది. అవనిగడ్డ సంచి గురువారం తెల్లారగట్ల మొదటి బస్సుకి ఎక్కింది. ఉయ్యూరు, పామర్రు, చల్లపల్లి మీంచి గురువారం పగలు అవనిగడ్డలో దిగింది. అక్కణ్ణించి మీ ఊరి సంచి రన్నరు పట్టుకెళ్ళినాడు. శుక్రవారం పొద్దున్న పంపకం."

వేలు ఒక్కో గడిమీద పెడుతూ చెప్పారు. నేను ఆయన గోటిని చూస్తున్నాను. లక్క పట్టి ఎర్రగా ఉంది.

"రన్నరు వెళ్ళకపోతే?" అన్నాను.

"శుక్రవారం రాత్రి అవనిగడ్డ సంచి తిరిగి బెజవాడలో దిగింది. సంచుల పట్టీలో ఉంది, సంతకం ఉంది. నేను చూశాను. సంచులు రావడం పోవడం ఆగలేదు బాబూ. శుక్రవారం దాకా అన్నీ నడిచాయి."

నాకు నోట మాట రాలేదు.

"మీ అమ్మగారికి చదువొచ్చా?"

"రాదు. పోస్టుమేను చదివి చెప్పేవాడు."

"మరింకేం. చేతికిచ్చి ఊరుకోలేదు. గుమ్మంలో నిలబడి చదివి చెప్పినాడు. అబ్బాయి రాడమ్మా, పరీక్షలట అని. శుక్రవారం పదకొండు కొట్టకముందే ఆవిడకి తెలుసు నువ్వు రావని. శనివారం నీకోసం బస్సు కాడికి ఎల్లలేదు."

కాసేపాగి, కాగితం మడుస్తూ మెల్లిగా అన్నారు, "మావోడికి పరీక్షలని నలుగురికీ చెప్పుకునుంటాది."

నేను ఆ గదిలో నేలమీద పడి ఏడ్చాను. ఉప్పెన తరవాత మొదటిసారి. ఆయన లేచి వెళ్ళి గిన్నెలు కడుక్కున్నారు. నీళ్ళ చప్పుడు, గిన్నెల చప్పుడు వినబడుతుండగానే నిద్రపట్టింది. సాయంత్రం డ్యూటీకి టైమయిందని ఆయన లేపేదాకా మెలకువ రాలేదు.

*

రెండు మూడు ట్రిప్పుల తరవాత నేనే అడిగాను, "గురువుగారూ, 521 నేను కొడతాను" అని. ఆయన పక్కకి జరిగారు. నేను చేతిలోకి తీసుకున్న కట్టలో మూడోదో నాలుగోదో నాగాయలంకది. పట్టుకుని కాస్త ఆగాను. ఆయన అటు తిరిగి సంచులు లెక్కపెట్టుకుంటున్నారు. కొట్టాను. సరైన గూట్లోనే పడింది.

ఆ రాత్రే గోదావరి మీద. వంతెన ఎక్కగానే చక్రాల చప్పుడు మారిపోతుంది కదా, ప్యాసింజర్లు లేచి కిటికీల్లోంచి డబ్బులు వేస్తారు, మాకు మాత్రం చేతులు ఖాళీ ఉండవు. అంతకుముందు వంతెన వస్తే నేను తలుపుకి వీపు పెట్టి నిలబడేవాణ్ణి. నీళ్ళు చూడలేకపోయేవాణ్ణి. ఆయన జేబులోంచి పది పైసల బిళ్ళ తీసి నా చేతిలో పెట్టారు. తలుపు దగ్గరికి వెళ్ళి వేశాను. కింద వెన్నెట్లో నీళ్ళు కదలకుండా ఉన్నట్టున్నాయి.

*

ఎనభైల్లో రైళ్ళలో సార్టింగు తీసేశారు. వ్యాన్లలో సంచులు మాత్రం పోతాయి, గూళ్ళు లేవు. మమ్మల్ని నేలమీద ఆఫీసుల్లో వేశారు. ఊగని గదిలో నిలబడి ఉత్తరాలు కొట్టడం చాన్నాళ్ళు చేతకాలేదు మాకు. ఆయన అప్పటికి రిటైరయ్యారు. నా పెళ్ళికి భార్యాసమేతంగా వచ్చి, పెద్దవాళ్ళు కూర్చోవలసినచోట కూర్చుని, అక్షింతలు వేశారు. తరవాత ఏడాదికి ఒకటి రెండుసార్లు విజయనగరం వెళ్ళేవాణ్ణి. అమ్మగారు తెలగపిండి కూర చేసి పెట్టేవారు. ఆయన మాత్రం "నేను చేసినట్టు రాలేదు" అనేవారు, ఆవిడ వినేలా.

ఆయన పోయిన సంగతి వాళ్ళబ్బాయి కార్డు రాశాడు. మా ఇంట్లో పెద్దవాళ్ళు చింపేయమన్నారు. నేను చింపలేదు. ఇప్పటికీ ఉంది.

ఇంకొక్క సంగతి రాయాలి. సర్వీసు చివర్లో ఒక పనిమీద అవనిగడ్డ వెళ్ళాను. అప్పటికి నేను కూడా ఈ పనిలో తల నెరిసినవాణ్ణే. ఆయన కాగితంలో ఒక్క గడి గురించి నాకు చాలా ఏళ్ళుగా తెలుసు. అవనిగడ్డ సంచి బెజవాడకి తిరిగొచ్చిందంటే అవనిగడ్డ దాకా నడిచినట్టు. అక్కణ్ణించి మా ఊరికి రన్నరు ఏ రోజుల్లో వెళ్ళేవాడు, రోజూనా, రోజు విడిచి రోజా అన్నది ఆ పట్టీలో ఉండదు. మా ఊరి పోస్టాఫీసు, దాని పుస్తకాలు, ఆ కార్డు చదివి చెప్పవలసిన మనిషి, ఏవీ మిగల్లేదు. నాకు తెలిసిన ఈ సంగతి ముప్ఫై ఏళ్ళ అనుభవం ఉన్న ఆయనకి తెలియకుండా ఉంటుందా? శుక్రవారం అని ఆయన గొంతు తొణక్కుండా చెప్పారు.

అవనిగడ్డలో ఒక పెద్దాయన ఉన్నాడన్నారు, అప్పటి రన్నర్ల వరుసలన్నీ నోటికి వచ్చినవాడు. ఇల్లు కూడా చూపించారు. ఆయన అరుగుమీదే కూర్చుని ఉన్నాడు. నమస్కారం పెట్టి, ఏ ఊరు బాబూ అంటే మా ఊరి పేరు చెప్పాను. అయ్యో అన్నాడు. మంచినీళ్ళు తెప్పించాడు. అవీ ఇవీ మాట్లాడుకున్నాం. నేను అడగలేదు.

బస్సుకి ఇంకా టైముంటే పోస్టాఫీసుకి వెళ్ళి పది కార్డులు కొన్నాను. పులిగడ్డ అక్విడెక్టు దాటుతుండగా ఒకటి తీసి ఒళ్ళో పెట్టుకుని, విజయనగరంలో అమ్మగారికి రాయడం మొదలుపెట్టాను. బస్సు ఊగుతోంది. అక్షరాలు మాత్రం బాగానే పడ్డాయి.